ముప్ఫై ఆరేళ్ళ మోకాళ్ళు

టొలీడో, ఒహాయో
డిసెంబర్ 4, 1977

అన్నయ్యా,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాశాడేమిటని వదిన కంగారు పడకుండా ముందే చెప్పు, ఇంట్లో అందరం బాగున్నాం. నా ఆఫీసు ఫోను నలుగురి చెవుల మీదుగా పోతుంది. నేను ఈ ఊరి బాస్కెట్‌బాల్ జట్టుకి కోచ్‌ని, ఆటగాళ్ళని తెచ్చేదీ పంపేదీ కూడా నేనే. నువ్వేమో రిచ్‌మండ్ జట్టు జీతం తింటూ వాళ్ళ ఆటలు రేడియోలో చెబుతుంటావు. మీ ఆటగాడి గురించి మనిద్దరం గుసగుసలాడుకున్నామని లీగ్ వాళ్ళకి తెలిస్తే నాకు జరిమానా వేస్తారు, నీ ఉద్యోగం ఊడుతుంది. అందుకని ఈ కాగితం చదివి పొయ్యిలో పడేయి.

మీ మేనేజర్ నిన్న నాకు కబురు పంపాడు. లూషస్ రెన్‌ఫ్రోని మాకు ఇస్తాడట. నా చెవుల్ని నేనే నమ్మలేదు. పద్నాలుగేళ్ళుగా ఆ మనిషి మా మీద ఆడుతుంటే చూసి కుళ్ళుకున్నవాణ్ణి. అయితే బదులుగా మా కార్లిస్ టేట్‌ని అడుగుతున్నాడు. ముప్ఫై ఆరేళ్ళ మోకాళ్ళిచ్చి ఇరవై రెండేళ్ళ మోకాళ్ళు పట్టుకుపోతానంటున్నాడన్నమాట.

కార్లిస్‌ని నేను ఎక్కడ పట్టానో నీకు తెలుసు. మిసిసిపీలో పైకప్పు కారే జిమ్‌లో, నేల మీద బకెట్ల మధ్య ఆడుతున్నాడు. ఇప్పుడు ఆదివారం చర్చి నుంచి నేరుగా మా ఇంటికే భోజనానికి వస్తాడు. లొరెట్టా నాకు పెట్టాల్సిన చేప ముక్క కూడా వాడి కంచంలోనే వేస్తుంది.

ఇంకో సంగతి. మా యజమాని హాలొరన్ వరసగా మూడేళ్ళు నాకౌట్‌లో ఎదురైన మొదటి జట్టు చేతిలోనే ఓడిపోయామని మొహం మాడ్చుకుని ఉన్నాడు. ఈసారి కూడా అంతే అయితే వచ్చే ఏడు ఈ కుర్చీలో ఇంకొకడు ఉంటాడు. రెన్‌ఫ్రో పనికొస్తే నేను బతికినట్టు. పనికిరాకపోతే కుర్రాడూ పోతాడు, నేనూ పోతాను. అతని మోకాలు ఎలా ఉందో చెప్పు అన్నయ్యా. ఆ ఒక్కటి చెబితే చాలు.

నీ తమ్ముడు,
వెండెల్

*

రిచ్‌మండ్, వర్జీనియా
డిసెంబర్ 13, 1977

ఒరేయ్ వెండెల్,

ఉత్తరం పొయ్యిలో పడేశాను. మా ఇంట్లో పొయ్యి గ్యాసుది, దాంతో వంటిల్లంతా పొగ. మీ వదిన నిన్నూ నన్నూ కలిపి తిట్టింది.

ముందు ఒక మాట అనుకుందాం. నాకు జీతమిచ్చేది వీళ్ళు. రేడియోలో చెప్పిన మాటే నీకూ చెబుతాను, చెప్పని మాట నీకూ చెప్పను. తమ్ముడివైనా సరే, నాన్నే సమాధిలోంచి లేచొచ్చి అడిగినా సరే. ఇది నచ్చకపోతే ఇంకొకర్ని అడుక్కో.

ఇక రేడియోలో చెప్పినవి. ఈ ఏడు రెన్‌ఫ్రో పాయింట్లు తగ్గాయి. ఎడమ మోకాలికి ఎప్పట్లాగే కట్టు ఉంది. మొన్న బఫలో జట్టుతో ఆట చివర్లో బంతి వాడి చేతికొచ్చింది. మీదకొచ్చిన పిల్లాడు పుట్టేనాటికి వీడు హైస్కూల్లో ఆడుతున్నాడు. వీడు భుజం ఒక్క అంగుళం కదిపాడు. ఆ పిల్లాడు గాల్లోకి ఎగిరాడు. వాడు కిందికి దిగేదాకా వీడు ఓపిగ్గా నిలబడి, దిగాక తాపీగా బంతి బుట్టలో వేశాడు. మైకు ముందు నాకు మాట రాలేదురా. అలా నోరు మూసుకున్నందుకు స్టేషన్ వాళ్ళు నన్ను తిడతారనుకున్నాను. వినేవాళ్ళు మాత్రం ఉత్తరాలు రాశారు, ఆ కాసేపట్లోనే అంతా కనబడింది అని.

తొమ్మిదేళ్ళుగా వాడి ఆట చెబుతున్నాను. నా గొంతుకి పేరొచ్చింది వాడి వల్ల. వాడిని నీకు అప్పగించడానికి నాచేత సాయం చేయించుకోవాలనుకోవడం నీ కొవ్వు. అయినా ఒకటి చెబుతాను, ఇది కూడా రేడియోలో చెప్పిందే. మేం పట్టికలో అట్టడుగున ఉన్నాం. సింహాన్ని తెచ్చి పశువుల కొట్టంలో కట్టేసినట్టుంది ఇక్కడ వాడి పరిస్థితి.

ఎమ్మెట్

*

టొలీడో
జనవరి 19, 1978

అన్నయ్యా,

నీ నియమాలు నీ దగ్గరే ఉంచుకో. నా కళ్ళు నాకున్నాయని నేనే బయల్దేరి వెళ్ళి చూశాను. ఇండియానాపొలిస్‌లో ఒక ఆట, మర్నాడు క్లీవ్‌లాండ్‌లో ఇంకొకటి. టికెట్ కొనుక్కుని పై వరసలో కూర్చున్నాను. అక్కణ్ణుంచైతే బంతి వెనక కళ్ళు పరిగెత్తవు, మనిషి ఒక్కడే కనిపిస్తాడు. టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాను. అయినా వేరుశనక్కాయలమ్మే అతను 'ఏం కోచ్, బేరానికొచ్చారా' అని అడిగి పోయాడు.

మొదటి రోజు అద్భుతం. అతను పరిగెత్తడం లేదన్నయ్యా, ఎక్కడికి పరిగెత్తాలో అక్కడ ముందే నిలబడి ఉంటున్నాడు. ఎదుటివాళ్ళు కట్టున్న ఎడమ కాలి మీదికే నెడుతున్నారు, అతను పళ్ళ బిగువున ఓర్చుకుంటున్నాడు. హాఫ్ టైం అయ్యాక మిగతావాళ్ళు గెంతుకుంటూ వస్తే, ఇతను గోడ పక్కన నిలబడి కుర్రవాళ్ళకి ఏదో చెబుతున్నాడు. చేతుల్తో గాల్లో గీతలు గీస్తున్నాడు. నాకు ఆ గీతలు అర్థమయ్యాయి. నాకంటే బాగా చెబుతున్నాడు.

రెండో రోజు మాత్రం వేరే సంగతి. మెట్లు దిగేటప్పుడు కమ్మీ పట్టుకున్నాడు. బుట్ట అంచుకి తగిలి వెనక్కొచ్చిన రీబౌండ్ బంతి కోసం ఎగరాల్సిన చోట చెయ్యి మాత్రం పైకెత్తి ఊరుకున్నాడు.

ఇంటికొచ్చి అటూ ఇటూ ఆలోచించాను. కార్లిస్ పదేళ్ళు ఆడతాడు. ఇతను ఈ ఏడు, మహా అయితే ఇంకో ఏడు. కార్లిస్‌కి కంగారెక్కువ, ఆట దగ్గర పడితే చేతులు చెమట పడతాయి. ఇతనికి ఆ చివరి నిమిషాలంటేనే పండగ. మొన్న ఆదివారం కార్లిస్ మా ఇంటి ముందు మంచు ఎత్తిపోశాడు, ఎవరూ అడగలేదు. కిటికీలోంచి చూస్తూ నేను వాణ్ణి అమ్మాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. లొరెట్టా నా మొహం చూసి 'కడుపులో బాగాలేదా' అంది.

ఆ ఎడమ మోకాలు నిజంగా ఎంత పాడైంది? ఒక్క మాట చెప్పు.

వెండెల్

*

రిచ్‌మండ్
ఫిబ్రవరి 3, 1978

వెండెల్,

మీ ఊళ్ళో మంచు తుఫానుకి కార్లన్నీ కూరుకుపోయాయని విన్నాను. నీ ఉత్తరం కూడా దాని కిందే చిక్కుకుందేమో, ఇవాళ అందింది.

ఎడమ మోకాలికి కట్టు ఉంది. రేడియోలో అదే చెప్పాను. అంతకుమించి అడగకు.

వాడు ప్రాక్టీసుకి అందరికంటే ముందొస్తాడు. ఖాళీ కోర్టులో ఒక్కడే నెమ్మదిగా నడుస్తాడు, బంతి లేకుండా. 'ఏం చేస్తున్నావురా' అని ఒకసారి అడిగితే, 'నేల ఎక్కడ మెత్తగా ఉందో, ఎక్కడ గట్టిగా ఉందో చూస్తున్నా అన్నా. మోకాళ్ళకి చెప్పి పెట్టాలి కదా' అన్నాడు. పెద్ద ఆటగాళ్ళని చాలామందిని చూశాన్రా. కానీ ఒంటితో ఇంత మర్యాదగా మాట్లాడేవాణ్ణి చూడలేదు.

తీసుకుంటావో మానేస్తావో నీ ఇష్టం. నన్ను అడగడం మాత్రం ఆపు. నాకు నిద్ర పట్టడం లేదు.

ఎమ్మెట్

*

టొలీడో
ఫిబ్రవరి 14, 1978

అన్నయ్యా,

అయిపోయింది. ఆటగాళ్ళని మార్చుకునే గడువు ఇంకో రోజే ఉండగా ఒప్పుకున్నాను. మోకాలి సంగతి మీ మేనేజర్ని అడిగితే, 'కట్టు మీ కళ్ళకే కనబడుతోందిగా, మీ డాక్టరుకే చూపించుకోండి' అన్నాడు. సరే, రెన్‌ఫ్రో నిన్న దిగగానే మా డాక్టర్ ఫెంటన్ ఎడమ మోకాలు వంచి, చాపి, ఎక్స్‌రే ఫొటోలు తీసి చూశాడు. 'ఈ వయసుకి ఇంత శుభ్రమైన మోకాలు నేను చూడలేదు' అన్నాడు. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. ఇవాళ పొద్దున్న కాగితాల మీద సంతకాలయ్యాయి. ఇంకే లోపమైనా బయటపడితే వెనక్కి పంపే హక్కు రేపు మధ్యాహ్నం పన్నెండింటి దాకా మాకుంది, కానీ దాంతో ఇక పనేముంది.

కార్లిస్‌కి చెప్పడమే కష్టమైంది. మామూలుగా ఆటగాడికి ఈ వార్త ఊరందరికీ తెలిశాకే తెలుస్తుంది. వాణ్ణి అలా వదలలేక నేనే వాడి గదికి వెళ్ళాను. చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

'కోచ్, నేనేం తప్పు చేశాను?' అన్నాడు.

'ఏం చేయలేదు నాన్నా. బాగా ఆడావు కనకే వాళ్ళు నిన్ను అడిగారు.'

'అయితే బాగా ఆడకుండా ఉండాల్సింది' అన్నాడు. ఇస్త్రీ పెట్టె చొక్కా మీద అలాగే ఉండిపోయింది. కాలిన వాసన వచ్చేదాకా ఇద్దరం చూసుకోలేదు.

నువ్వు వాడిని చూసుకో. ఆదివారం భోజనానికి పిలవమని వదినకి చెప్పు. చేప బాగా తింటాడు.

వెండెల్

*

టొలీడో
ఫిబ్రవరి 15, 1978, పొద్దున

అన్నయ్యా,

నిన్న సాయంత్రం ప్రాక్టీసయ్యాక రెన్‌ఫ్రో నా గదికొచ్చాడు. 'తలుపేస్తాను కోచ్, ఒక మాట చెప్పాలి' అన్నాడు. వేసి, కూర్చోకుండా నిలబడ్డాడు.

'మీ డాక్టర్ మంచాయనే. కాకపోతే చూడాల్సిన కాలు చూడలేదు.'

నాకు అర్థం కాలేదు.

'కట్టు మంచి కాలికి కడతాను. ఎదుటోళ్ళు కట్టు చూసి అటే నెడతారు. అటు నెడితే నాకేం కాదు. నాలుగేళ్ళ నుంచీ నెడుతూనే ఉన్నారు, పాపం. పాడైంది కుడిది.'

ముప్ఫై ఏళ్ళుగా ఈ ఆటలో ఉన్నాను. పై వరసలో కూర్చుని చూశానని గొప్పలు కూడా పోయాను. అందర్నీ మోసం చేసిన గుడ్డపేలిక నన్నూ మోసం చేసింది.

'మరి నిన్న డాక్టర్ ముందు ఎందుకు చెప్పలేదు?' అని అరిచాను.

'నిన్న నేను రిచ్‌మండ్ మనిషిని కోచ్. తొమ్మిదేళ్ళు ఆళ్ళ కూడు తిని ఆళ్ళ బేరం చెడగొట్టలేను. సంతకాలయ్యాయి కాబట్టి ఇవాళ్టి నుంచీ మీ మనిషిని. మీకు అబద్ధం చెప్పలేను. రేపు పన్నెండింటి దాకా టైముంది. పంపేస్తానంటే పంపేయండి, నాకేం కోపం లేదు.'

'ఎంతసేపు ఆడగలవు?'

'సగం ఆట. వరస రోజులైతే రెండో రోజు వద్దు. ఆ సగంలో మాత్రం నన్నెవడూ పట్టుకోలేడు.'

ఆ మాట గొప్పకి అన్నట్టు లేదు. రైలు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పి వెళ్ళిపోయాడు.

నీకు తెలుసు కదూ అన్నయ్యా. మొదటి నుంచీ తెలుసు. 'ఎడమ మోకాలికి కట్టు ఉంది' అని ప్రతి ఉత్తరంలోనూ రాశావు. నీ సొంత తమ్ముడు నూతిలోకి దిగుతుంటే గట్టు మీద కూర్చుని నీళ్ళు చల్లగా ఉన్నాయని చెప్పావు. నీతో మాట్లాడాలంటేనే ఒళ్ళు మండుతోంది.

ఇప్పుడు పదకొండు. ఫోను ఎదురుగా ఉంది. ఫోన్ చేస్తే కార్లిస్ సాయంత్రానికల్లా ఇంట్లో ఉంటాడు, లొరెట్టా చేప వేయిస్తుంది, హాలొరన్ నా జాగ్రత్తని మెచ్చుకుంటాడు. ఏప్రిల్‌లో మామూలుగానే ఓడిపోతాం.

తర్వాత: పన్నెండు దాటింది. ఫోన్ చేయలేదు. తెలివైన పని చేశానని చెప్పను. రెన్‌ఫ్రో నోరు మూసుకుని ఉంటే చాలు, ఈ ఊళ్ళో హాయిగా ఉండేవాడు. తనంతట తనే వచ్చి చెప్పాడు. అలాంటి మనిషిని తిప్పి పంపడానికి నాకు చేతులు రాలేదు.

వెండెల్

*

రిచ్‌మండ్
ఫిబ్రవరి 22, 1978

తమ్ముడూ,

తిట్టు. నాకు తెలుసు. నాలుగేళ్ళుగా తెలుసు. కుడి కాలు కుంటుతూ వచ్చి ఎడమ కాలికి కట్టు కట్టుకుంటుంటే ఒకరోజు చూశాను, వాడు నా వంక చూసి వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. ఆ తర్వాత కాలు నొప్పి అని మైకులో ఒక్కసారీ అనలేదు. కట్టుంది అని మాత్రమే అన్నాను. నీకు చెబితే వాణ్ణి అమ్మినవాణ్ణవుతాను, చెప్పకపోతే నిన్ను ముంచినవాణ్ణవుతాను. ఇంతకంటే గడ్డు కాలం నా బతుకులో లేదు.

వాడు నీకు చెబుతాడని నాకు ముందే తెలుసని అనను, అది అబద్ధం. చెప్పాలని దేవుణ్ణి వేడుకున్నాను. చెప్పాడని నీ ఉత్తరంలో చదివి కుర్చీలో కూలబడి ఏడ్చాను. అరవై ఏళ్ళవాణ్ణి. మీ వదిన ఎవరో పోయారనుకుని కాఫీ తెచ్చింది.

కార్లిస్ మొదటి వారం బిక్కమొహం వేసుకుని తిరిగాడు. ఆదివారం మా ఇంటికొచ్చాడు. చేప తిన్నాడు. నిన్న పాతిక పాయింట్లు చేశాడు. నీ కన్ను మంచిది, వాడు గొప్పవాడవుతాడు. ఇది నీకు మంచి వార్తో కాదో తెలియడం లేదు.

ఇంకా కోపంగా ఉంటే ఖాళీ కవరు పంపించు, తెలుస్తుంది.

ఎమ్మెట్

*

టొలీడో
ఏప్రిల్ 20, 1978

అన్నయ్యా,

కోపం ఎప్పుడో పోయింది. తీరికే దొరకలేదు.

ఈ రెండు నెలలూ నేను చూసింది నీకు చెప్పక్కర్లేదు, తొమ్మిదేళ్ళు నువ్వే చూశావు. సగం ఆట అన్నాడు, సగం ఆటే ఆడించాను. ఆ సగంలో మా కుర్రాళ్ళకి ఎముకలు కొత్తగా పెట్టినట్టు ఉండేది. బుట్ట కింద నిలబడే మా సెంటర్ కుర్రాడు ఐదేళ్ళలో నా దగ్గర నేర్చుకోనిది అతని పక్కన నిలబడి నేర్చుకున్నాడు. పట్టికలో మూడో స్థానానికొచ్చాం.

నాకౌట్‌లో డెట్రాయిట్‌తో ఐదు ఆటలు, మూడు గెలిచినవాళ్ళు ముందుకెళ్తారు. చెరి రెండు గెలిచాం. ఆఖరిది మొన్న మంగళవారం, మా హాల్లోనే. నేల ఈనినట్టు జనం. చివరి క్వార్టర్ సగమయ్యేసరికి ఏడు పాయింట్ల ముందున్నాం. రెన్‌ఫ్రో అప్పటికే తన సగం కంటే ఎక్కువ ఆడేశాడు. ఒక రీబౌండ్‌కి ఎగిరి దిగాడు. దిగాక కుడి పాదం నేలకి ఆనించడానికి ఒక్క క్షణం ఆలోచించాడు. హాలంతా బంతినే చూస్తోంది. నేను ఈసారి సరైన కాలిని చూస్తున్నాను.

పిలిచి కూర్చోబెట్టాను. 'కోచ్, ఆరు నిమిషాలే' అన్నాడు. 'కూర్చో' అన్నాను. నా మొహంలోకి చూశాడు. ఏమనుకున్నాడో, తువ్వాలు తీసుకుని కూర్చున్నాడు. అంతటి ఆటగాడు, ఆఖరి ఆట, తన పేరు పెట్టి వేలమంది అరుస్తుంటే, ఎదురుమాట లేకుండా కూర్చున్నాడన్నయ్యా. మూడు నెలలు అతని మోకాళ్ళ గురించి ఆలోచించాను గానీ ఇది నా ఊహకే తట్టలేదు.

ఒక్క పాయింటుతో ఓడిపోయాం.

పేపర్లవాళ్ళు గదిలోకి దూసుకొచ్చారు. రెన్‌ఫ్రోని ఎవరు కూర్చోబెట్టారని ఒకటే గోల. నేను నోరు తెరిచేలోపు అతనే అన్నాడు, 'నేనే అడిగాను. కాలు చాల్లేదు. కోచ్ ఆడమనే అన్నాడు.' మర్నాడు పేపర్లో పెద్ద అక్షరాలతో వేశారు. ముసలి సింహం తనే తప్పుకుందని, ధైర్యం చాలలేదని. పద్నాలుగేళ్ళు ఆడిన మనిషిని పిరికివాడన్నారు. అతను ఒక్క ముక్క మార్చమనలేదు.

లొరెట్టా ఆ పేపరు నా ముందు పెట్టి, 'ఇది నిజమా' అంది. కాదన్నాను. 'మరి కూర్చున్నావేం' అంది.

కోటు వేసుకుని హాలొరన్ ఇంటికి వెళ్ళాను. 'పేపర్లో వచ్చింది అబద్ధం. ఆడతానన్నాడు, నేను వద్దన్నాను. ఓటమి నాది. నా రాజీనామా మీరు అడగక్కర్లేదు, నేనే ఇస్తున్నాను' అన్నాను. ఆయన గుడ్లూ, టోస్టూ తింటున్నాడు. తల ఎత్తలేదు.

'తెలుసయ్యా. అతను నీకంటే ముందే వచ్చి వెళ్ళాడు' అన్నాడు.

'ఏమన్నాడు?'

'నిజం నాకు చెప్పి, ఊరికి చెప్పొద్దన్నాడు. ఊరు నిన్ను తిడితే నేను నిన్ను తీసెయ్యక తప్పదని అతనికి తెలుసు.' ఆయన చెంచా కింద పెట్టాడు. 'ఇంకోటి కూడా అన్నాడు. పద్నాలుగేళ్ళలో ఏ కోచూ నన్ను ఆఖర్లో కూర్చోబెట్టలేదండీ, అందరికీ గెలుపు కావాలి, నా కాలు ఎవడిక్కావాలి అన్నాడు. వచ్చే ఏడు ఆడాలనుంది, ఆడితే ఆ మనిషి దగ్గరే ఆడతాను, అతన్ని పంపిస్తే నన్నూ పంపించండి అన్నాడు.'

అతన్ని తీసుకోవాలా వద్దా అని నేను చలికాలమంతా కొట్టుకున్నాను. ఫిబ్రవరిలో తలుపేసి నిజం చెప్పిన రోజు నుంచీ, నన్ను నమ్మాలా వద్దా అని అతనూ చూస్తూనే ఉన్నాడన్నమాట.

'ఓడిపోయాం కదండీ' అన్నాను చివరికి.

'ఓడిపోయాం. నాకు మండుతూనే ఉంది' అన్నాడు హాలొరన్. 'ఒక్క ఏడాది ఇస్తున్నాను, ఇద్దరికీ. పో ఇంక, టోస్టు చల్లారిపోతోంది.'

బయటికొస్తే రెన్‌ఫ్రో నా కారుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు, బరువంతా ఎడమ కాలి మీద వేసి. తలుపు తీసి పట్టుకున్నాను. మెల్లగా వంగి, కుడి కాలు రెండు చేతులతో లోపలికి పెట్టుకుని కూర్చున్నాడు. మా ఇంటికి తీసుకెళ్ళాను. లొరెట్టా భోజనం పెట్టింది.

నీ తమ్ముడు,
వెండెల్